వార్‌ఫేర్ నాయిజ్: ఒకే రికార్డులో ఒక నగరపు నాలుగు మెటల్ బృందాలు

హెవీ మెటల్ (గట్టిగా, కర్కశంగా వాయించే రాక్ సంగీతం) ప్రాంతీయ సంకలనాలను వినైల్ రికార్డుల రూపంలో సేకరించేవారి దగ్గర తప్పక ఉండవలసినవి కొన్ని ఉన్నాయి. 1986లో బ్రెజిల్‌లోని బెలో హారిజోంటే నగరం నుంచి వెలువడిన ‘వార్‌ఫేర్ నాయిజ్’ను నేను వాటిలో మొదటి వరుసలో పెడతాను. షకాల్, ముటిలేటర్, సర్కోఫాగో, హోలోకాస్టో అనే నాలుగు స్థానిక బృందాలు ఈ ఎల్పీలో కలిసి కనిపిస్తాయి. ఈ పాటల్లో కొన్ని తర్వాతి కాలంలో ఆయా బృందాల సీడీల చివర అదనపు పాటలుగా చేరాయి కాబట్టి విడిగా ఈ రికార్డు కొనడం దండుగ అనేవారు కూడా ఉన్నారు. వారితో నేను ఏకీభవించను. ఆ పాటలను పక్కపక్కన, అప్పటి వరుసలోనే విన్నప్పుడు తెలిసే సంగతులు విడివిడిగా వింటే తెలియవు.

ఈ రికార్డును ప్రచురించిన కొగుమేలో సంస్థ ముందుగా ఒక రికార్డుల దుకాణం. 1980లో బెలో హారిజోంటేలో మొదలైన ఆ దుకాణం, విదేశీ రికార్డులు సామాన్యుల చేతికి అందని రోజుల్లో, నగరంలోని మెటల్ కుర్రవాళ్లు కలుసుకునే చోటుగా మారింది. 1964 నుంచి సాగిన సైనిక పాలన 1985లో ముగిసింది. ఆ ఏడాది జనవరిలోనే జరిగిన ‘రాక్ ఇన్ రియో’ ఉత్సవంలో ఐరన్ మెయిడెన్, ఏసీ/డీసీ, ఓజీ ఆస్‌బోర్న్ వంటివారిని బ్రెజిల్ ప్రేక్షకులు తమ గడ్డ మీదే చూడగలిగారు. ఆ ఏడాది చివరికల్లా కొగుమేలో ప్రచురణ సంస్థగా కూడా మారి, ఒకవైపు సెపుల్టురా, మరోవైపు ఓవర్‌డోస్ అనే స్థానిక బృందాలు వాయించిన ఎల్పీని తన తొలి రికార్డుగా తెచ్చింది. దాని వెనుకనే వచ్చినది వార్‌ఫేర్ నాయిజ్. తన దుకాణానికి రోజూ వచ్చిపోయే పిల్లల సంగీతాన్ని ఒక వ్యాపారి సొంత డబ్బుతో అచ్చు వేయించడం వల్లనే ఈ ఊరి పేరు ప్రపంచంలోని మెటల్ శ్రోతలకు తెలిసిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఇదే నగరంలోని సాంతా తెరెజా పేటలో, మిల్టన్ నసిమెంటో, లో బోర్జెస్ తదితరులు కలిసి పాడుకున్న వీధి మలుపు ‘క్లూబి ద ఎస్కీనా’ అనే పేరుతో బ్రెజిల్ సంగీత చరిత్రకెక్కింది. సెపుల్టురా కుర్రవాళ్లు పెరిగింది కూడా ఆ పేటలోనే. అంత మృదువైన సంగీతమూ ఇంత కర్కశమైన సంగీతమూ ఒకే పేట నుంచి రావడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఇక పాటల విషయానికి వస్తే, నాలుగు బృందాల్లోనూ కాస్త కుదురుగా వాయించేది షకాల్. గిటారు వరసలు స్పష్టంగా వినిపిస్తాయి, గాయకుడు కోర్గ్ గొంతులో మాట మాటగానే ఉంటుంది, అమెరికా, జర్మనీల థ్రాష్ (వేగంగా వాయించే మెటల్ శైలి) అలవాటైన చెవికి ఇక్కడ ఇబ్బంది ఉండదు. ముటిలేటర్ దగ్గరకు వచ్చేసరికి వేగం పెరుగుతుంది, గిటారు శబ్దం ముద్దగా మారుతుంది. వేగానికి చేతులు చాలని చోట తాళం కొద్దిగా జారి మళ్లీ దొరకడం హెడ్‌ఫోన్స్‌లో స్పష్టంగా తెలుస్తుంది. దాన్ని లోపంగా లెక్కించేవారిని నేను తప్పుపట్టను గాని, ఆ పాటలకు ప్రాణం అక్కడే ఉందని నమ్ముతాను. హోలోకాస్టో పోర్చుగీసులోనే పాడుతుంది. భాష తెలియకపోయినా, ఇంగ్లీషు మాటల కోసం తడుముకోవలసిన అవసరం లేని గొంతు ఎంత ధారాళంగా అరవగలదో వారి పాటల్లో వినిపిస్తుంది.

సర్కోఫాగో గురించి కొంత వివరంగా చెప్పాలి. బృందనాయకుడు వాగ్నర్ లమూనియే అంతకుముందు సెపుల్టురాలో గాయకుడు. సర్కోఫాగో 1987లో తెచ్చిన ‘ఐ.ఎన్.ఆర్.ఐ.’ ఆల్బమ్‌ను నార్వేలో బ్లాక్ మెటల్ అనే మరింత కర్కశమైన శైలి తొలితరం వారు ఎంతో అభిమానించారు కాబట్టి, చాలామంది సేకరణకర్తలు ఈ సంకలనాన్ని ఆ ఆల్బమ్‌కు ముందుమాటగా మాత్రమే చూస్తారు. నేను అలా చూడను. ఇక్కడి ‘రిక్రూసిఫై’, ‘ది బ్లాక్ వామిట్’ పాటల్లో ధ్వని ఇంకా పొడిగా, దగ్గరగా ఉంటుంది; స్నేర్ డ్రమ్ రేకుల కప్పు మీద పడే వడగళ్లలా మోగుతుంది; గొంతు వెనుక చేర్చిన ప్రతిధ్వని ఒక్కోచోట పదాన్ని మింగేసి కేక మాత్రమే మిగులుస్తుంది. షకాల్ పాటలు విన్న వెంటనే వీటిని వింటే, ఒకే ఊరిలో, ఒకే కాలంలో, దాదాపు ఒకే వయసున్న పిల్లలు ఒక బృందంలో పద్ధతిని పట్టుకుని, మరో బృందంలో దాన్ని ఎంత దూరం విసిరేశారో అర్థమవుతుంది. సీడీ చివర అదనపు పాటలుగా వింటే, అవే పాటలు తర్వాతి ఆల్బమ్‌కు చిత్తుప్రతుల్లా వినిపిస్తాయి. అది వాటికి అన్యాయం.

పాటల సాహిత్యంలో క్రైస్తవ వ్యతిరేకత తీవ్రంగా ఉంటుందని, అది కొందరిని నొప్పించవచ్చని ముందే చెప్పడం నా బాధ్యత. క్యాథలిక్ సంప్రదాయం లోతుగా పాతుకుపోయిన మినాస్ జెరైస్ రాష్ట్రంలో, బంగారు పూత పూసిన పాత చర్చిలకు పేరుపడ్డ ఔరో ప్రెటో పట్టణానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న నగరంలో పుట్టిన కోపం అది.

ఇతర ప్రాంతీయ సంకలనాలతో పోల్చినప్పుడు దీని ప్రత్యేకత ఇంకా స్పష్టమవుతుంది. లాస్ ఏంజెలెస్ బృందాలతో బ్రయన్ స్లేగెల్ 1982లో తెచ్చిన ‘మెటల్ మాసకర్’ మొదటి భాగాన్ని ఎక్కువమంది అందులోని మెటాలికా బృందం కోసమే కొంటారు. అట్ట మీద ఆ పేరులో ఒక ‘టి’ అక్షరం ఎక్కువగా అచ్చు కావడం కూడా దాని ఆకర్షణల్లో ఒకటి. 1984 నాటి ‘స్కాండినేవియన్ మెటల్ అటాక్’ను స్వీడన్ బృందం బాతొరీ తొలిసారి వినిపించిన రికార్డుగా వెతుకుతారు, మిగతా బృందాల దగ్గర సూది ఎత్తేస్తారు. వార్‌ఫేర్ నాయిజ్‌లో సూది ఎత్తవలసిన చోటు లేదు. ఊరిలో అప్పటికే అందరికన్నా ముందున్న సెపుల్టురా ఇందులో లేకపోవడం కూడా మేలే చేసింది. నాలుగు బృందాలూ సమానంగా నిలబడగలిగాయి.

కొనేటప్పుడు చూసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. నేను విన్న 1986 నాటి ప్రతిలో రికార్డు పలుచగా ఉంది, పాటల మధ్య నిశ్శబ్దంలో చిటపటలు వినిపించాయి, అయినా గిటార్ల పైస్వరాల్లో ఉన్న పదును నా దగ్గరున్న పునర్ముద్రణలో అంతగా లేదు. పునర్ముద్రణ మందంగా, బరువుగా ఉంది. కింది స్వరాలు నిండుగా పలుకుతాయి. ముటిలేటర్ పాటల్లో బాస్ గిటారు ఏం చేస్తోందో నాకు దానిలోనే తెలిసింది. అయితే నాకు మొదట వచ్చిన ప్రతిలో రంధ్రం సరిగ్గా మధ్యలో లేక, సూది చేయి అటూ ఇటూ ఊగుతూ స్వరం సన్నగా అలలాడింది. పంపిన విక్రేతకు వీడియో తీసి చూపితే వేరే ప్రతి పంపారు. అందుచేత పార్శిల్ అందిన రోజునే రెండు వైపులా పూర్తిగా విని చూసుకోవడం మంచిది.

మన దేశానికి తెప్పించుకునేవారు రికార్డు ధరకు సమానంగా రవాణా ఖర్చు, దాని మీద కస్టమ్స్ సుంకం పడే అవకాశాన్ని ముందే లెక్క వేసుకోవాలి. రికార్డును అట్ట లోపల కాకుండా విడిగా, వెనుక ఉంచి కట్టమని విక్రేతను కోరితే దారిలో అట్ట అంచులు చీలకుండా ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో తెప్పించకపోవడమే మేలు. హైదరాబాద్, విజయవాడ ఎండల్లో ఒక మధ్యాహ్నం డెలివరీ వాహనంలో ఉంటే చాలు, వినైల్ వంగిపోతుంది.

అసలు ముద్రణ అంటూ ఎవరైనా ఎక్కువ ధర చెబితే, లేబుల్ ఫొటోతో సరిపెట్టుకోకుండా, చివరి గాడి తర్వాత ఖాళీగా ఉండే భాగంలో చెక్కిన అంకెల ఫొటో కూడా అడిగి, వాటిని డిస్కాగ్స్ అనే రికార్డుల వెబ్‌సైటు జాబితాలోని వివరాలతో పోల్చి చూడాలి. ఆ ఫొటో పంపడానికి వెనకాడే విక్రేత దగ్గర కొనవద్దు. వినడమే ప్రధానమైనవారికి పునర్ముద్రణ ధారాళంగా సరిపోతుంది, దానికి పెట్టిన ప్రతి రూపాయికీ విలువ ఉంది. ఐ.ఎన్.ఆర్.ఐ. ఇంకా కొననివారు దానికన్నా ముందు దీన్నే తెప్పించుకోవాలని నా సిఫారసు.