గుంటూరు మిర్చి యార్డు: చిన్న కారం మిల్లు అక్కడ సరుకు కొనొచ్చా?

ఏడాదికి రెండు టన్నుల నుంచి పది టన్నుల దాకా ఎండుమిర్చి వాడే పచ్చళ్ళ యూనిట్లు, కారం మిల్లులు, హోటళ్ళకు పొడులు వేసేవాళ్ళు ఈ సమీక్ష చదవాలి. ఇంట్లోకి ఐదు కిలోలు కావలసినవాళ్ళకు యార్డుతో పనిలేదు, పట్నంబజారు కొట్లు చాలు.

తీర్పు ముందే చెప్పేస్తే: ధర తెలుసుకోవడానికి, రకాలు చూసి కన్ను కుదుర్చుకోవడానికి యార్డును మించిన చోటు లేదు. సరుకు ఎత్తుకోవడానికి మాత్రం, యాభై టిక్కీల (మిర్చి బస్తాల) లోపు కొనేవాళ్ళకు, అది అంత అనువుగా ఉండదు. యార్డు లైసెన్సు ఉన్న వ్యాపారిని ఒకరిని పట్టుకుని, ఆయన కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకులోంచి మచ్చు చూసి కొనడమే చిన్నవాళ్ళకు కలిసొచ్చే దారి.

కారణం యార్డు నడిచే తీరులోనే ఉంది. రైతు సరుకు కమీషన్ ఏజెంటు కొట్టు ముందు దిగుతుంది. పొద్దున కొనుగోలుదార్లు టిక్కీల్లోంచి కాయ తీసి చూసి రేటు పెడతారు. బేరం కుదిరాక కాటా, ఆ తర్వాత హమాలీలు, లారీ. కొనేవాళ్ళకు మార్కెట్ కమిటీ లైసెన్సు ఉండాలి. అది లేనివాళ్ళు ఎవరో ఒక లైసెన్సుదారు పేరు మీదే కొనాలి. పైగా లాట్ మొత్తం ఒకరే ఎత్తాలి. ఒక రైతు ముప్ఫై టిక్కీలు తెస్తే, అందులో మెరిసే ఆరు నాకివ్వండి అంటే ఎవరూ ఇవ్వరు. టిక్కీ సుమారు 40–45 కిలోలు తూగుతుంది కాబట్టి ముప్ఫై టిక్కీలంటే పన్నెండు, పదమూడు క్వింటాళ్ళు. మూడు రకాలు కలిపి కారం కొట్టే చిన్న మిల్లు ఒక్కో రకంలో అంత సరుకు ఒకేసారి మోయలేదు. శని, ఆదివారాలు యార్డు సెలవు. వేసవిలో, మే–జూన్ ప్రాంతంలో, కొన్ని వారాలు పూర్తిగా మూస్తారు. సరిగ్గా ఆవకాయ సీజన్ అది. ఏప్రిల్‌లో మామిడికాయ బుక్ చేసుకుని మిర్చి తర్వాత చూద్దామనుకునే యూనిట్లు ప్రతి ఏడూ ఇక్కడే ఇరుక్కుంటాయి.

రకాల విషయంలో గుంటూరుకు సాటి లేదు. 334 గుంటూరు దగ్గరి లాంఫాం (లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం) విడుదల చేసిన రకం. సన్నం కోవలోది, ఊరగాయ కారానికి పాత నమ్మకం. తేజ చిన్న కాయ, మంట ఎక్కువ. మంటను కొలిచే స్కోవిల్ లెక్కలో సన్నం 35–40 వేల దగ్గరుంటే తేజ 75 వేల నుంచి లక్ష దాకా పోతుంది. 341 మధ్యస్థం, రంగు బాగుంటుంది. ఇక బ్యాడిగి రకాలు రంగు కోసమే, మంట చాలా తక్కువ. ఇక్కడొక మెలిక ఉంది. గుంటూరులో బ్యాడిగి అనే పేరుతో అమ్మేది ఎక్కువగా 355, 2043 లాంటివి, మన జిల్లాల్లో పండినవి. భౌగోళిక గుర్తింపు ఉన్న అసలు బ్యాడిగి కర్ణాటకలోని హావేరి వైపుది. ఎర్రదనానికి గుంటూరు బ్యాడిగి సరిపోతుంది. లేబుల్ మీద మాత్రం అసలు బ్యాడిగి అని వేసుకోకండి.

చాలామంది రకం చెప్పి ధర అడిగి ఊరుకుంటారు. రకం పేరు సగం సంగతే చెబుతుంది. మిగతా సగం దర్జా: డీలక్స్, బెస్ట్, మీడియం బెస్ట్, మీడియం, చివర తాలు, అంటే రంగు పోయి తెల్లబారిన కాయ. ఈ మెట్లకు కొలత లేదు, కంటి అంచనాయే. ఒకరి బెస్ట్ మరొకరి మీడియం బెస్ట్. ఫోన్‌లో "తేజ బెస్ట్ ఎంత?" అని ముగ్గురిని అడిగి, తక్కువ చెప్పినవారికి అడ్వాన్స్ వేయడం ఈ వ్యాపారంలో అన్నిటికంటే ఖరీదైన పొదుపు. దర్జా పేరు వదిలేసి నాలుగు సంగతులు అడగండి: తేమ శాతం, తాలు శాతం, తొడిమ ఉందా తీశారా, ఏ నెలలో కోసిన సరుకు. వీటికి తడుముకోకుండా జవాబిచ్చే వ్యాపారితో సగం పని అయిపోయినట్టే.

తేమ దగ్గరే ఎక్కువ డబ్బు పోతుంది. పెళపెళలాడే కాయ ఎత్తుడు దింపుడులో పగిలి గింజ రాలుతుందని ఎండిన మిర్చి మీద కొంచెం నీళ్ళు చల్లడం పాత అలవాటే. బరువు కోసం చల్లేవాళ్ళూ ఉన్నారు. కారణం ఏదైనా నష్టపోయేది కొన్నవాళ్ళే. తేమ ఉన్న టిక్కీ వారం పది రోజులు గోడౌన్‌లో ఉంటే లోపల బూజు మొదలవుతుంది, అఫ్లటాక్సిన్ అనే బూజు విషం పుట్టేది అక్కడే. మన ఆహార భద్రతా నియమాల ప్రకారం కారంలో తేమ నూటికి 11 మించకూడదు, మొత్తం అఫ్లటాక్సిన్ కిలోకు 30 మైక్రోగ్రాములు మించకూడదు. యూరప్ పరిమితి 10 మాత్రమే. కాబట్టి ఎగుమతిదారుకు అమ్మే ఆలోచన ఉంటే ఇప్పటినుంచే తేమ దగ్గర కచ్చితంగా ఉండాలి.

పరీక్ష కష్టమేమీ కాదు. పైన కనబడే కాయ చూడొద్దు. మూడు, నాలుగు టిక్కీలు విప్పించి నడుమ నుంచి, అడుగు నుంచి గుప్పెడేసి తీయండి. చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలి. వంచితే విరగాలి, తోలులా వంగితే తేమ ఉన్నట్టే. పది కాయలు నిలువునా చీల్చండి. లోపల గింజ పసుపు రంగులో ఉండాలి. బూడిద రంగు పొడి, నల్ల మచ్చ కనబడితే పైన ఎంత మెరిసినా వద్దు. ఒక కిలో మచ్చు తీసుకుని తాలు ఏరి తూకం వేయండి, తొడిమ తీసి తూకం వేయండి. మిగిలిన మచ్చును రెండు కవర్లలో పెట్టి, ఇద్దరూ సంతకం చేసి, చెరొకటి ఉంచుకోండి. సరుకు దిగాక వాదన వస్తే ఈ కవరే పెద్దమనిషి. మర్యాద పోతుందని చాలామంది ఈ పని చేయరు. ఐదు టిక్కీలు కొనే కొత్తవాళ్ళు అడిగినా మంచి వ్యాపారి కాదనరు. మచ్చు పంచుకోనన్నారంటే ఆ బేరం వదిలేయడమే మంచిది.

ఇప్పుడు లెక్క. క్వింటాలు 15,000 చెప్పిన లాట్ ఒకటి, 16,000 చెప్పినది ఒకటి ఉన్నాయనుకుందాం. మొదటిదాంట్లో తేమ 14 శాతం, తాలు 5 కిలోలు. రెండోదాంట్లో తేమ 10, తాలు కిలో. తొడిమ రెంటిలోనూ 6 కిలోలు, మిల్లులో ఎగిరిపోయేది కిలో. మొదటి లాట్‌ను 10 శాతం తేమకు ఎండబెడితేనే నాలుగున్నర కిలోలు ఆవిరవుతాయి. అన్నీ పోగా చేతికి వచ్చే కారం 83 కిలోల చిల్లర, అంటే కిలో 179 రూపాయలు. రెండోది 92 కిలోలు ఇస్తుంది, కిలో 174. వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టిన సరుకే ఐదు రూపాయలు చవక. ఎండబెట్టే కూలి, తాలు ఏరే కూలి ఇంకా వేయలేదు. ఏరిన తాలును మళ్ళీ అమ్ముకోవచ్చు కదా అంటారు. ఐదు పది కిలోల తాలు కోసం మీ గుమ్మం ముందుకు ఎవరూ రారు. ఆ తాలును కారంలోనే కలిపేస్తే రంగు దిగిపోతుంది. దాన్ని కప్పడానికి ఇంకొంత బ్యాడిగి వేయాలి, ఖర్చు మళ్ళీ అక్కడికే వస్తుంది. ఈ పట్టీ ఒక కాగితం మీద గీసుకుని, మార్కెట్ సెస్సు, హమాలీ, సంచి, లారీ కిరాయి, జీఎస్టీ కలిపి, ప్రతి కొటేషన్‌ను కిలో కారం ధరగా మార్చాకే ఇద్దరు వ్యాపారులను పోల్చండి.

ఇక ఎప్పుడు కొనాలి? కొత్త పంట రాక ఫిబ్రవరి నుంచి ఊపందుకుంటుంది, మార్చి–ఏప్రిల్‌లో యార్డు నిండిపోతుంది. మొదటి కోతల కాయకు రంగు బాగుంటుంది, చివరి కోతల్లో తాలు పెరుగుతుంది. అమ్ముడుపోని సరుకు, ధర కోసం ఆగిన సరుకు గుంటూరు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల్లోకి పోతుంది. వందకు పైగా ఉన్నాయవి. రేట్ల పట్టీలో ఏసీ, నాన్ ఏసీ అని విడిగా రాసేది ఇందుకే. చల్లటి గదిలో ఉన్న కాయ నెలలు గడిచినా రంగు నిలుపుకుంటుంది. బయట గోడౌన్‌లో వానాకాలం దాటిన కాయ నల్లబడుతుంది. ఆగస్టు తర్వాత కొనేవాళ్ళు ఏసీ సరుకు తప్ప మరొకటి తీసుకోకూడదు. ఒక జాగ్రత్త మాత్రం మరవొద్దు. చలి గదిలోంచి బయటికి తెచ్చిన టిక్కీకి చెమట పడుతుంది. వెంటనే మూతి విప్పినా, వెంటనే మిల్లులో వేసినా కారం ఉండకడుతుంది. నీడలో, గాలి ఆడేచోట ఒక రోజు వదిలేయాలి.

ఏడాది అవసరమంతా మార్చిలోనే కొని దాచుకోవాలా అంటే, చేతిలో డబ్బుంటే సగం అప్పుడు కొని, మిగతా సగం మూడు నెలలకొకసారి కొనడం నయం. ఎందుకంటే ఈ ధర మీ వీధిలో తేలేది కాదు. 2021–22లో నల్ల తామరపురుగు తోటలను ఊడ్చేసింది. ఆ తర్వాత తేజ క్వింటాలు ఇరవై వేలు దాటింది. రేటు చూసి రైతులు విస్తీర్ణం పెంచారు, స్టోరేజీలు నిండాయి, 2025 ఫిబ్రవరికి కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. తేజకు చైనా, బంగ్లాదేశ్ లాంటి దేశాల నుంచి గిరాకీ ఉంటుంది, ఓలియోరెజిన్ (మిర్చి సారం) తీసే కంపెనీలూ పెద్ద మొత్తంలో కొంటాయి. ఆ ఆర్డర్లు ఆగిన వారమే యార్డులో తేజ జారుతుంది. కాబట్టి రోజూ మూడు సంగతులు చూసుకోవాలి: ఎన్ని టిక్కీలు వచ్చాయి, స్టోరేజీల్లో నిల్వ ఎంత, ఎగుమతి ఎలా ఉంది. సరఫరాదారు ఎవరైనా వీటి గురించి ముందే కబురు చెబుతున్నారంటే క్వింటాలుకు వంద రూపాయలు ఎక్కువ తీసుకున్నా వాళ్ళను వదులుకోవద్దు.

వ్యాపారిని ఎంచుకునేటప్పుడు మొదటిసారి ఐదు టిక్కీలకు మించి కొనొద్దు. బిల్లులో రకం, లాట్ నంబరు, నికర బరువు రాయించండి. గోనెసంచి బరువు తీసేశారా లేదా ముందే తేల్చుకోండి, ప్రతి టిక్కీకి పోయే అరకిలో, కిలో అక్కడే. దిగిన రోజే మీ కాటా మీద మళ్ళీ తూచండి. మొదటి రెండు బేరాల్లో అరువు అడగొద్దు. అరువిచ్చిన వ్యాపారి సరుకు పంపితే తిప్పి పంపే హక్కు కాగితం మీద ఉంటుంది కానీ చేతిలో ఉండదు. ఒకే వ్యాపారి మీద ఆధారపడకుండా, ముఖ్యమైన రకానికి రెండో మనిషిని కూడా ఉంచుకుని ఆయనకూ అప్పుడప్పుడు పది టిక్కీలైనా ఆర్డరు ఇవ్వండి. ఏడాదంతా పలకరించకుండా కరువొచ్చినప్పుడు ఫోన్ చేస్తే ఎవరూ పలకరు.

పొడి కొనడం మాత్రం వద్దు. కాయగా కొంటే కంటికి సగం నిజం తెలుస్తుంది, పొడిలో ఏమీ తెలియదు. గ్లాసు నీళ్ళలో కారం చల్లి రంగు చారలు దిగుతున్నాయా అని చూసే పరీక్ష నీటిలో కరిగే రంగులను పట్టిస్తుంది. కల్తీకి వాడే సుడాన్ రంగులు నూనెలో కరిగేవి, నీళ్ళలో బయటపడవు. వాటికి ప్రయోగశాలే గతి. గుంటూరు దగ్గర స్పైసెస్ బోర్డు ప్రయోగశాల ఉంది, ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ప్రైవేటువీ ఉన్నాయి. ప్రతి లాట్‌నూ పంపనక్కర్లేదు. కొత్త సరఫరాదారు మొదటి లాట్, వానాకాలంలో దిగిన లాట్, ఈ రెంటినీ పంపితే చాలు.

గుంటూరు కాక వేరే చోట్ల మాటేమిటి? హైదరాబాద్, వరంగల్ చుట్టుపక్కల యూనిట్లకు తేజ కావాలంటే ఖమ్మం మార్కెట్ దగ్గర, సరుకూ బాగుంటుంది. వరంగల్‌లోని ఎనుమాముల యార్డు నుంచి చపాట మిర్చి చూడండి. లావుగా, టమాటాలా ఎర్రగా ఉంటుంది, మంట తక్కువ, 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊరగాయ రంగుకు బ్యాడిగి బదులు దీన్ని పెట్టుకున్నవాళ్ళకు లారీ కిరాయి మిగులుతుంది. ఆ రకం పండే విస్తీర్ణం తక్కువ కాబట్టి సీజన్ మధ్యలోనే ఎత్తుకోవాలి. మూడు రకాలు ఒకే లారీలో, ఒకే బిల్లు మీద కావాలంటే మాత్రం గుంటూరే.