సెప్టిక్ ట్యాంకుకు పిలిస్తే వచ్చే బండా, మున్సిపాలిటీ తనిఖీయా: మన బావులకు ఏది మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం పాత వీధుల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. బావి, సెప్టిక్ ట్యాంకు ఒకే పెరట్లో ఉంటాయి, లేదా మన ట్యాంకు పక్కింటివాళ్ల బావికి దగ్గరగా ఉంటుంది. ట్యాంకు నీళ్లు ఇంకిపోయే గుంతకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ వీధుల్లో ఎన్ని ఇళ్లకు అంత స్థలం ఉంది? అందుకే ట్యాంకు సంగతి ఒక ఇంటి సొంత విషయం కాదు.

ఇప్పుడు నడుస్తున్నది పిలిస్తే వచ్చే పద్ధతి. ట్యాంకు నిండిందనిపిస్తే మున్సిపాలిటీకో 14420 నంబరుకో ఫోన్ చేస్తాం, మురుగును గొట్టంతో పీల్చే సెస్‌పూల్ బండి వచ్చి లాగేస్తుంది. అవసరమైనప్పుడే ఖర్చు, ఎవరూ ఇంట్లోకి తొంగిచూడరు. ఈ సుఖం వల్లే జనానికి ఇది నచ్చుతుంది.

కానీ నిండడం అంటే ఏమిటి? బాగున్న ట్యాంకులో నీళ్లు ఎప్పుడూ బయటికి పోయే గొట్టం మట్టం దాకా ఉంటాయి. పెరిగేది అడుగున పేరుకునే మడ్డి. అది పెరిగేకొద్దీ నీళ్లకు తేరుకునే చోటు తగ్గి, మురుగు మురుగులాగే బయటికి పోతుంది. లెట్రిన్ వెనక్కి తన్నేదాకా మనకు తెలియదు. అందుకే కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు రెండు మూడేళ్లకోసారి మడ్డి తీయించమంటాయి. ఇక "మా ట్యాంకు ఇరవై ఏళ్లుగా నిండలేదు" అని గొప్పగా చెప్పే ఇల్లు ఉంటుంది చూడండి, నాకు అసలు భయం దాని గురించే. అడుగున కాంక్రీటు లేక అంతా భూమిలోకి దిగుతుండాలి, లేదా గొట్టాన్ని వీధి కాలువలో కలిపేసి ఉండాలి. అలాంటి ఇంటివాళ్లు బండిని ఎప్పటికీ పిలవరు.

ఆ ఇంటిని పట్టుకోగలిగేది తనిఖీ ఒక్కటే. మూత తీసి కర్రతో మడ్డి లోతు చూడాలి. ట్యాంకులో రెండు గదులున్నాయా, గొట్టం ఎక్కడ తేలుతోంది, బావి ఎంత దూరం అన్నది రాసుకోవాలి. అంతా పైనుంచే. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దించి శుభ్రం చేయించడాన్ని, మలాన్ని చేత్తో ఎత్తే పనిని రద్దు చేసిన 2013 చట్టం నిషేధించింది, ఆ మాట ఎప్పుడూ మరవకూడదు. తనిఖీకి ఉన్న చిక్కు జరిమానా టెన్షన్. ముందే జరిమానా అంటే జనం మూత మీద టైల్స్ వేసి, ట్యాంకు ఎక్కడుందో తెలీదంటారు.

బావి నీళ్లు పరీక్ష చేయించుకుంటే చాలదా అని కొందరంటారు. తప్పక చేయించాలి. పరీక్ష మందు ఉన్న చిన్న సీసాలో (H2S సీసా) నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచాలి, నల్లబడితే నీరు చెడినట్టు. కానీ ఎవరి ట్యాంకు వల్ల చెడిందో సీసా చెప్పదు. పైగా అప్పటికే పిల్లలు ఆ నీళ్లు తాగి ఉంటారు. మరిగిస్తే క్రిములు చస్తాయి, మురుగు నుంచి నీళ్లలోకి దిగే నైట్రేట్ అనే లవణం మాత్రం పోదు.

నా ఓటు తనిఖీకే, అయితే ఖాళీ చేసే బండితో కలిపి. మహారాష్ట్రలోని వాయి పట్టణం 2018 నుంచి వంతులవారీగా ప్రతి ఇంటి ట్యాంకునూ మూడేళ్లకోసారి ఖాళీ చేసే పద్ధతి పెట్టుకుంది. అప్పటికప్పుడు డబ్బు కట్టనక్కర్లేదు, పారిశుధ్య పన్నులోనే ఖర్చు వెళ్తుంది. బండి ఎలాగూ మూత తీస్తుంది కాబట్టి తనిఖీ కూడా అప్పుడే అయిపోవాలి. పేదింటికి విడిగా భారం పడదు, దాచుకోవాల్సిన అవసరమూ తగ్గుతుంది.

మన కౌన్సిలర్లను అడగాల్సినవి ఇవి. బావి నీళ్లు తాగే వీధులతో మొదలుపెట్టాలి. నోటీసు ఒడియాతో పాటు తెలుగులోనూ ఇవ్వాలి. మొదటి విడతలో జరిమానా వద్దు, బాగుచేసుకోవడానికి గడువు ఇవ్వాలి. గడువు దాటినా గొట్టం కాలువలోనే ఉంచినవాళ్లకు మాత్రం జరిమానా వేయాల్సిందే. కాలువల నీళ్లు చేరే మహేంద్రతనయ నది పర్లాకిమిడి దాటాక వంశధారలో కలుస్తుంది, అవతల శ్రీకాకుళం జిల్లాలో ఆ నీళ్ల మీద ఆధారపడ్డవాళ్లూ మనవాళ్లే.