ఎన్‌పీటెల్ పాఠాలు పరీక్ష లేకుండా వినడం: గోదావరి డెల్టాలో ఉద్యోగం చేసుకునేవాళ్ళకు ఎంతవరకు పనికొస్తాయి?

ఆడిట్ అనగానే చాలామందికి లెక్కల తనిఖీ గుర్తొస్తుంది. ఎం.టెక్ చదివినవాళ్ళకైతే సిలబస్‌లో క్రెడిట్లు లేకుండా ఉండే ఆడిట్ కోర్సు గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పేది ఆ రెండిటి గురించీ కాదు. డిగ్రీ కోసం కాకుండా, పరీక్ష రాసే పని పెట్టుకోకుండా, వెనక బెంచీలో కూర్చుని యూనివర్సిటీ పాఠం వినడం గురించి. దాన్నీ ఆడిట్ అనే అంటారు. భీమవరంలో రొయ్యల ల్యాబ్ టెక్నీషియన్, తణుకు దగ్గర రైస్‌మిల్లు సూపర్‌వైజర్, అమలాపురంలో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ ఉద్యోగం మానకుండా ఐఐటీ ప్రొఫెసర్ దగ్గర చదువుకోవాలంటే ఇవాళ ఉన్న దారుల్లో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక అయిన స్వయం పోర్టల్‌లోని ఎన్‌పీటెల్ అన్నిటికన్నా మెరుగైనది. అయితే అందులో ఎక్కడ దెబ్బతింటారో ముందే తెలిసి దిగాలి.

ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి నడిపే ఈ పథకం 2003లో మొదలైంది. 2017 జులైలో కేంద్రం స్వయం పోర్టల్ తెరిచాక, దాన్ని నడిపే తొమ్మిది జాతీయ సమన్వయ సంస్థల్లో ఎన్‌పీటెల్ ఒకటైంది. కోర్సులు 4, 8, 12 వారాలవి. వారానికి సుమారు రెండున్నర గంటల వీడియో ఉంటుంది కాబట్టి మొత్తం మీద 10, 20, 30 గంటల పాఠం. చేరడానికి రూపాయి కట్టక్కర్లేదు. వీడియోలు, పాఠాల రాతప్రతి, వారం వారం అసైన్‌మెంట్లు, ప్రశ్నలు అడిగే వేదిక, అన్నీ ఉచితమే. ఫీజు కట్టేది చివర హాల్లో కూర్చుని రాసే పరీక్షకు మాత్రమే. అది రాయాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఏడాదికి రెండు విడతలు: జనవరిలో ఒకటి, జులైలో ఒకటి. ఈ రెండూ డెల్టాలో ఊపిరాడని నెలలే. జనవరి అంటే దాళ్వా (రబీ వరి) నాట్లు, జులై అంటే సార్వా (ఖరీఫ్ వరి) నాట్లు. 12 వారాల కోర్సు జనవరిలో మొదలుపెడితే పరీక్ష ఏప్రిల్‌లో, అంటే దాళ్వా కోతల మీద పడుతుంది. జులై విడతదైతే అక్టోబరు, నవంబరు దాకా సాగుతుంది, అవి తుఫాను నెలలు. జులై, ఆగస్టుల్లో గోదావరికి వరదొస్తే లంక గ్రామాల్లో కరెంటు, నెట్‌వర్క్ రెండూ నమ్మకం లేనివే. అందుకే వ్యవసాయ శాఖలోనో, విత్తన, ఎరువుల కంపెనీల్లోనో పనిచేసేవాళ్ళు మొదటిసారే 12 వారాల కోర్సు పెట్టుకోకపోవడం మంచిది. 4 లేదా 8 వారాలది ఎంచుకుంటే కోతలు రాకముందే అయిపోతుంది. టీచర్లకు, ఆఫీసు ఉద్యోగులకు ఈ చిక్కు లేదు.

అసలు సంగతి అసైన్‌మెంట్ల దగ్గరుంది. పరీక్ష రాయకూడదనుకున్నవాళ్ళు వీడియోలు చూసి అసైన్‌మెంట్లు వదిలేస్తారు. అలా వదిలేసినప్పుడు రెండు రకాలుగా నష్టం. మొదటిది, విన్నదాంట్లో ఏది అర్థమైందో ఏది కాలేదో తేలదు. రెండోది లెక్కకు సంబంధించింది. మూడో వారంలో మనసు మారి పరీక్షకు ఫీజు కట్టినా, గడువు దాటిపోయిన అసైన్‌మెంట్లు మళ్ళీ తెరుచుకోవు. సర్టిఫికెట్ మార్కుల్లో 25 అసైన్‌మెంట్లవి, 75 పరీక్షవి. అసైన్‌మెంట్లలో 25కి కనీసం 10, పరీక్షలో 75కి కనీసం 30 విడివిడిగా రావాలి. ఒకదాంట్లో తగ్గితే రెండోదాంట్లో ఎంతొచ్చినా సర్టిఫికెట్ ఇవ్వరు.

12 వారాల కోర్సులో 12 అసైన్‌మెంట్లకు మెరుగైన 8 లెక్కలోకి తీసుకుంటారు. 8 వారాలదాంట్లో 8కి 6, 4 వారాలదాంట్లో 4కి 3. అంటే 12 వారాలదాంట్లో నాలుగు వారాలు పూర్తిగా తప్పినా మార్కులేమీ పోవు. అంతకన్నా ఎక్కువ తప్పితే మాత్రం ఒక్కో వారానికి ఒక్కో సున్నా చేరుతుంది. మొత్తం మీద నాలుగే రాసి నాలుగిట్లోనూ నూటికి నూరు తెచ్చుకుంటే 25కి 12.5 వస్తుంది, గట్టెక్కుతారు. మూడే రాస్తే మూడు వందలొచ్చినా 9.4 దగ్గర ఆగిపోతుంది. పరీక్షలో 75కి 70 తెచ్చుకున్నా ఇక లాభం లేదు. అందుకని పరీక్ష మాట తర్వాత, మొదటి వారం నుంచీ అసైన్‌మెంట్ పెడుతూ పోవాలి. గడువులోపు ఎన్నిసార్లైనా పెట్టొచ్చు, చివరిసారి పెట్టిందే లెక్క. కాబట్టి సగం తెలిసినా ముందు ఒకసారి పెట్టేసి, తర్వాత దిద్దుకోవడం తెలివైన పని. గడువు రోజు రాత్రి పదకొండింటికి కూర్చుంటే, కరెంటు పోయిందంటే ఆ వారం పోయినట్టే.

ఇక పాఠాల నాణ్యత. ఇంజనీరింగ్, గణితం, కంప్యూటర్ల పాఠాలకు ఎన్‌పీటెల్‌కున్న పేరు వేరే చెప్పక్కర్లేదు. డెల్టాకు దగ్గరగా ఉండే సాగు, నీటిపారుదల, ఆహార శుద్ధి, ఆక్వా పాఠాలు ఎక్కువగా ఐఐటీ ఖరగ్‌పూర్ నుంచి వస్తాయి. అక్కడ వ్యవసాయ, ఆహార ఇంజనీరింగ్ విభాగం పాతది, బలమైనది. ఈ పాఠాల విలువ ఎక్కడుందంటే, రోజూ చేతులతో చేసే పనికి కారణం చెబుతాయి. రొయ్యల చెరువు నీళ్ళలో అమ్మోనియా చూసే కిట్ సాధారణంగా మొత్తం అమ్మోనియాను చూపిస్తుంది. అందులో రొయ్యను చంపేది వాయురూపంలో ఉండే భాగం. ఆ భాగం పీహెచ్‌తో పాటు పెరుగుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి వెళ్తే దాని వాటా తొమ్మిది పదింతలవుతుంది. ఎండ పెరిగేకొద్దీ నీళ్ళలోని నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటుంది కాబట్టి మధ్యాహ్నానికి పీహెచ్ పెరుగుతుంది. అందుకే తెల్లవారుజామున తీసిన నీళ్ళలో, మధ్యాహ్నం మూడింటికి తీసిన నీళ్ళలో అమ్మోనియా అంకె ఒకటే వచ్చినా, ప్రమాదం ఒకటి కాదు. ఇది అర్థమైన టెక్నీషియన్ రిపోర్టు మీద నీళ్ళు పట్టిన టైము, పీహెచ్ రాయకుండా రైతుకివ్వడు.

మిల్లువాళ్ళకూ అంతే. ధాన్యాన్ని ఒకేసారి వేడిగాలితో ఆరబెడితే గింజ పైపొర ఆరిపోతుంది, లోపల తేమ అలాగే ఉంటుంది. ఆ తేడాకు గింజ పగిలి మర పట్టినప్పుడు నూకైపోతుంది. కొంచెం ఆరబెట్టి, కొన్ని గంటలు ఊరికే ఉంచి, లోపలి తేమ పైకి వచ్చాక మళ్ళీ ఆరబెట్టాలని అనుభవమున్న డ్రయ్యర్ మనిషికి తెలుసు. ఎన్ని గంటలు ఉంచాలి, ఎంత వేడి పెట్టాలి అన్నది లెక్క కట్టడం నేర్పేది మాత్రం ఇలాంటి పాఠమే.

లోటు కూడా అక్కడే ఉంది. ఉదాహరణలు మన నేలవి కావు. స్వర్ణ రకం వరి ఎలా పడిపోతుంది, ఉప్పునీళ్ళు ఎగదన్నిన చివరి ఆయకట్టులో ఏం వేయాలి అన్నవాటికి జవాబు పోర్టల్‌లో దొరకదు. వాటికి మార్టేరు వరి పరిశోధన స్థానం, ఉండి కృషి విజ్ఞాన కేంద్రం, కొబ్బరికి అంబాజీపేట, వీటి శిక్షణలే దిక్కు. పాఠంలో నేర్చుకున్న సూత్రాన్ని అక్కడి శాస్త్రవేత్త ముందు పెట్టి మన పొలం సంగతి అడగడం ఈ రెండిటినీ వాడుకునే సరైన పద్ధతి.

పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకు మొదటి రెండు వారాలు కష్టం. కొన్ని కోర్సులకు తెలుగులో రాతప్రతి దొరుకుతుంది, చేరే ముందే ఎన్‌పీటెల్ సైట్‌లో చూసుకోవాలి. అనువాదం అక్కడక్కడా తడబడుతుంది గానీ, ఇంగ్లీషు వీడియో పక్కన పెట్టుకుని చదివితే సాయపడుతుంది. అది లేకపోతే వీడియో వేగం 0.75కి తగ్గించి, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని, రాతప్రతి పీడీఎఫ్‌ను ముందుగా ఒకసారి చదివి వినడం మంచిది. నెట్ సరిగా రాని ఊళ్ళలో ఉన్నవాళ్ళు వారం పాఠాలన్నీ టౌనులో ఉన్నప్పుడే దించుకుంటే పని సాగుతుంది.

పరీక్ష ఎవరు రాయాలి? తెలుసుకోవడమే లక్ష్యమైతే అక్కర్లేదు. ప్రమోషన్‌కో, ఇంటర్వ్యూకో కాగితం చూపాలంటే రాయాలి. ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్లైతే తప్పకుండా రాయాలి. ఎఫ్‌డీపీగా, అంటే అధ్యాపకుల శిక్షణగా, గుర్తించిన కోర్సుల్లో 8 వారాలది పాసైతే ఒక వారం ఎఫ్‌డీపీగా, 12 వారాలది వారంన్నరగా సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ లెక్కలోకి వస్తుంది. అన్ని కోర్సులకూ ఆ గుర్తింపు ఉండదు, చేరే ముందే జాబితాలో చూసుకోవాలి. ఫీజు కోర్సుకు 1000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ధ్రువపత్రం పెడితే సగం. ఫీజు కట్టే గడువు కోర్సు మొదలైన కొద్ది వారాల్లోనే ముగుస్తుంది, కోర్సు చివరిదాకా ఆగి చూద్దామంటే కుదరదు. కాబట్టి మొదటి రెండు అసైన్‌మెంట్ల మార్కులు చూసుకుని తేల్చుకోండి. రెండిట్లోనూ 60 దాటితే ఫీజు కట్టొచ్చు. 40 దగ్గర ఆగితే ఈసారికి విని, వచ్చే విడతలో రాయడం మేలు.

ఫారం నింపేటప్పుడు జరిగే తప్పులు దాదాపు ఎప్పుడూ ఇవే. కోర్సులో ఒక ఈమెయిల్‌తో చేరి పరీక్షకు ఇంకో ఈమెయిల్‌తో దరఖాస్తు చేస్తారు. అలా చేస్తే అసైన్‌మెంట్ మార్కులు పరీక్షతో కలవవు. ఇంట్లో పిల్లల ఫోనులో లాగిన్ అయినప్పుడు ఇది తెలియకుండానే జరిగిపోతుంది. పేరు ఫారంలో ఎలా రాస్తే సర్టిఫికెట్ మీద అలాగే వస్తుంది. ఇంటిపేరు ముందా వెనకా, పూర్తిగానా పొడి అక్షరాల్లోనా అన్నది ఆధార్‌తోనూ ఉద్యోగ రికార్డుతోనూ సరిచూసుకోవాలి. పరీక్ష ఊళ్ళ జాబితా విడతకో రకంగా ఉంటుంది. కాకినాడ, రాజమండ్రి, భీమవరాల్లో మీకు దగ్గరిది అందులో ఉందో లేదో డబ్బు కట్టకముందే చూడండి. కోనసీమ లోపలి ఊళ్ళవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. పరీక్ష శని, ఆదివారాల్లో మూడు గంటలు కంప్యూటర్ మీద ఉంటుంది. ఉదయం విడత 9 గంటలకు మొదలవుతుంది కాబట్టి రాజోలు, అంతర్వేది వైపు నుంచి వచ్చేవాళ్ళకు మధ్యాహ్నం 2 గంటల విడతే నయం. ఒరిజినల్ గుర్తింపు కార్డు లేనిదే లోపలికి పంపరు, ఫోనులో ఫొటో చూపిస్తే చెల్లదు. కాలిక్యులేటర్ తెర మీదే ఉంటుంది, మౌసుతో నొక్కాలి. లెక్కలున్న కోర్సైతే ఇంటి దగ్గరే దాని మీద సాధన చేయాలి, లేకపోతే టైమంతా నొక్కడానికే సరిపోతుంది.

వేరే దారులూ ఉన్నాయి. 2001లో ప్రకటించిన ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్‌లో చేరడమూ లేదు, గడువూ లేదు. తీరిక ఎప్పుడు దొరికితే అప్పుడు వినొచ్చు, కానీ దిద్దేవాళ్ళుండరు. ఎడెక్స్‌లో ఉచితంగా వినే పద్ధతికి ఆడిట్ అనే పేరు. అందులో పాఠాలు కొంతకాలమే తెరిచి ఉంటాయి, మార్కులు పడే అసైన్‌మెంట్లు సాధారణంగా డబ్బు కట్టినవాళ్ళకే. డబ్బు కట్టనివాళ్ళకు కూడా అసైన్‌మెంట్ దిద్ది మార్కు చూపించడంలో ఎన్‌పీటెల్ వీటికంటే పై మెట్టు మీద ఉంది. ప్రశ్నల వేదిక మొదటి నెలలో చురుగ్గా ఉండి తర్వాత చల్లబడుతుంది. సందేహాలేమైనా ఉంటే మొదటి వారాల్లోనే, పాఠం నంబరు, వీడియోలో నిమిషం రాసి అడిగితే జవాబు త్వరగా వస్తుంది.