సింగిల్స్ ఇన్ఫర్నోనా, ట్రాన్సిట్ లవ్వా?

రెండూ 2021లో మొదలైన కొరియా డేటింగ్ షోలే.

ఇన్ఫర్నో మొదటి సీజన్ 8 ఎపిసోడ్లు, వారాంతంలో అయిపోతుంది. ట్రాన్సిట్ లవ్ రెండో సీజన్ 20, ఒక్కోటి గంట దాటుతుంది.

ఇన్ఫర్నో నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. ట్రాన్సిట్ లవ్ కొరియా ఓటీటీ టీవింగ్‌ది, వెతుక్కోవాలి.

ఇన్ఫర్నోలో అందరూ ఒక దీవిలో ఉంటారు, అక్కడ వయసు, ఉద్యోగం చెప్పకూడదు. జంట కుదిరి హోటల్‌కి వెళ్తేనే ఆ మాటలు. చూడ్డానికి హాయిగా ఉంటుంది.

ట్రాన్సిట్ లవ్‌లో విడిపోయిన జంటలు ఒకే ఇంట్లో, ఎవరు ఎవరి మాజీయో దాచి ఉంటారు. రాత్రి ఫోన్‌కి మెసేజ్ వస్తుంది: మీ మాజీ మిమ్మల్ని ఎంచుకోలేదు. అది చదివే ముఖం చూస్తే నాకు గుండె పిండేసినట్టవుతుంది.

ఫ్రెండ్స్‌తో కలిసి చూడాలంటే ఇన్ఫర్నో. ఓపికుంటే ట్రాన్సిట్ లవ్ రెండో సీజన్. ఈమధ్యే బ్రేకప్ అయిందా? ట్రాన్సిట్ లవ్‌ని కొన్నాళ్లు పక్కన పెట్టండి.