వీడియో రిమాండా, నేరుగా హాజరా? సరిహద్దు కోర్టుల్లో కరోనా కాలపు లెక్క
ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి, రాయగడ వంటి ఊళ్ల క్రిమినల్ కోర్టుల్లో మహమ్మారి రోజుల్లో ఏ పనికి ఏ పద్ధతి పట్టాలో ముందే తేల్చుకోవాలి.

రిమాండ్ పొడిగింపుకు వీడియోయే మేలు. ముద్దాయి ఎస్కార్టుతో వ్యానులో ఇరుక్కుని రానక్కర్లేదు. 2024 జూన్ దాకా అమల్లో ఉన్న నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలోని 167వ సెక్షన్ దీన్ని ఒప్పుకుంది, అదీ జ్యుడీషియల్ కస్టడీకే (జైలు నిర్బంధానికే). పోలీసు కస్టడీ కావాలంటే ముద్దాయిని మేజిస్ట్రేటు ఎదుటికి తేవాల్సిందే. కోర్టు నెమ్మదించిందని 60, 90 రోజుల చార్జిషీటు గడువు ఆగదు. సుప్రీంకోర్టు 2020 జూన్‌లో ఈ సంగతి తేల్చింది. రోజులు లెక్కపెట్టుకోక ఆ గడువు దాటితే ముద్దాయికి బెయిలు హక్కు వచ్చేస్తుంది.

సాక్ష్యానికి మాత్రం నేరుగానే పిలవాలి. ఇరుపక్షాలూ ఒప్పుకోనిదే వీడియోలో సాక్ష్యం నమోదు చేయొద్దని 2020 ఏప్రిల్ 6న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఇక్కడ ఇంకో చిక్కుంది: సాక్షి ఒడియాలో చెబుతాడు, ముద్దాయికి తెలుగే తెలుసు. దుబాసీ చెవిలో గొణిగే అలవాటు ఆరడుగుల దూరంలో సాగదు. ఒక్కో వాక్యం ఆపించి, పైకి చెప్పించాలి. వీడియోలో రెండు గొంతులు కలిసిపోతే ‘లేదు’ అన్నదెవరో తెలియదు. ఆ ఒక్క మాట మీదే ఒక మనిషి బతుకు ఆధారపడొచ్చు. సాక్షి ముద్దాయిని గుర్తించే వేళ ముద్దాయి మాస్కు దింపించి, ఆ సంగతి రికార్డులో రాయించాలి.

వాంగ్మూలం మీద వేలిముద్ర ఇంకా సున్నితం. శానిటైజర్ తడి ఆరకముందే వేయిస్తే సిరా అలుక్కుపోయి గీతలు కనబడవు. చేతులు పూర్తిగా ఆరాక, బొటనవేలు పొడిగుడ్డతో తుడిచి, ఒక్కసారే నొక్కించాలి.