‘కథ’లో చుక్క కనబడే పెన్ను: లామీ సఫారీ, ఈఎఫ్ పాళీ

ఈ ఇంకు పెన్ను (ఫౌంటెన్ పెన్ను) నా చేతికొచ్చి 14 నెలలైంది. రోజుకు రెండు పేజీలైనా తెలుగులో రాస్తాను. కొన్న వారంలోనే రివ్యూ రాస్తే కొత్త వస్తువు మీది ముచ్చటే అందులో ఉంటుందని ఇన్నాళ్లు ఆగాను.

నేను 31 ఏళ్లు ప్రూఫ్ రీడరుగా పనిచేశాను. మాటల మీద ఇష్టం ఆ ఉద్యోగం కంటే పాతది. ఐదో తరగతి నుంచీ, చెవిన పడ్డ కొత్త మాటనల్లా ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. పక్కన అర్థం నా సొంత మాటల్లో రాస్తాను, నిఘంటువులోంచి ఎత్తి రాయను. నీరెండ, మునిమాపు, అలికిడి, ఎడతెరిపి, కొసరు... ఒక్కో మాటకు నాలుగైదు లైన్లు. ఎవరి నోట విన్నానో, ఏ సందర్భంలో విన్నానో కూడా ఉంటుంది. ఇప్పుడు పన్నెండో పుస్తకం నడుస్తోంది.

రెండేళ్ల కిందట కుడి బొటనవేలి కీలు నొప్పి మొదలైంది. బాల్ పెన్నుతో అర పేజీ రాసేసరికి చెయ్యి ఆగిపోయేది. అందులో ఇంకు చిక్కగా ఉంటుంది. ముల్లు చివర బంతిని కాగితానికి నొక్కి దొర్లిస్తేనే దిగుతుంది. ఆ నొక్కుడంతా బొటనవేలి మీదే. ఫోన్లో టైపు చేసుకోమని అందరూ చెప్పారు. చేసి చూశాను. టైపు చేస్తే మాట స్క్రీను మీదికి వస్తుంది గానీ నాకు గుర్తుండదు. చేత్తో రాసిన మాట ఏ పుస్తకంలో, పేజీకి ఏ పక్కన ఉందో కూడా గుర్తుంటుంది. అప్పుడు మా అమ్మాయి, “అమ్మా, ఇంకు పెన్ను పట్టి చూడు, నొక్కక్కర్లేదు” అంది.

అది నిజం. ఇంకు పెన్నులో సిరా నీళ్లలా పల్చగా ఉంటుంది. సన్నని సందు దొరికితే తనంతట తానే పాకుతుంది, కేశనాళికీయత అని సైన్సు పుస్తకాల్లో చదువుకున్నామే, అదే. పాళీ మధ్య చీలికలోంచి చివరికొచ్చి, కాగితాన్ని తాకగానే దిగుతుంది. పెన్ను బరువు చాలు. మొదటిరోజే నాలుగు పేజీలు రాశాను, వేలు సలపలేదు. ఆ రాత్రి నాకెంత సంతోషమైందో చెప్పలేను.

సఫారీని 1980లో జర్మనీకి చెందిన లామీ కంపెనీ స్కూలు పిల్లల కోసం తయారుచేసింది. ఒళ్లంతా గట్టి ప్లాస్టిక్, క్లిప్పు వంచిన తీగలా పెద్దగా ఉంటుంది. పట్టుకునే చోట మూడు పలకలుగా చెక్కినట్టుంటుంది. వేళ్లు ఎక్కడుండాలో అదే చెబుతుంది. నా పట్టుకు అది సరిగ్గా కుదిరింది. పెన్నును అడ్డంగా తిప్పి పట్టుకునే అలవాటున్నవాళ్లు మాత్రం కొనేముందు ఒకసారి పట్టుకుని చూడాలి. ఒంటి మీద చిన్న కిటికీ ఉంది, సిరా ఎంత మిగిలిందో అందులోంచి కనబడుతుంది. మూతను వెనక తగిలిస్తే వెనక బరువెక్కుతుంది, నేను తీసి పక్కన పెట్టుకుంటాను.

అసలు విషయం పాళీ. తెలుగులో రాసేవాళ్లకు ఈ రివ్యూలో పనికొచ్చేది ఇదొక్కటే అనుకున్నా సరే.

నేను తెలియక మొదట ఎం పాళీ, అంటే మధ్యరకం, ఎంచుకున్నాను. గీత నిండుగా, నున్నగా పడింది. చూడ్డానికి బాగుంది. మూడో పేజీలో ‘కథ’ అని రాసి ఆగిపోయాను. థ పొట్టలో చుక్క సిరాలో కలిసిపోయింది. ‘కధ’ అన్నట్టే ఉంది. నా ఉద్యోగంలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు దిద్దిన తప్పు అదే. రోజుకు ఎన్నిసార్లు ఆ చుక్క పెట్టానో లెక్కలేదు. తర్వాత పరీక్షగా ‘కంఠం’ రాశాను, ఠ నల్లటి ఉండ అయింది. ‘ధనం’ రాస్తే కింది చిన్న గీత అక్షరానికి అతుక్కుపోయి ‘దనం’లా కనబడింది. ‘లక్ష్మి’లో ఒత్తు కింది లైనులోకి దిగిపోయింది. ఇంగ్లీషు అక్షరాలకు ఈ ఇబ్బంది లేదు, వాటికి కింద ఒత్తుండదు, లోపల చుక్కుండదు. మన అక్షరం ఒక్కటే పైన గుణింతాన్ని, లోపల చుక్కను, కింద ఒత్తును మొయ్యాలి. దానికి సన్న గీత కావాలి.

అదృష్టం ఏమిటంటే ఈ పెన్నుకు పాళీ ఒక్కటే మార్చుకోవచ్చు. పాళీ మీద ప్లాస్టర్ టేపు ముక్క అంటించి ముందుకు లాగితే ఊడి వస్తుంది, కొత్తది అదే దారిలో తోస్తే కూర్చుంటుంది. ఈఎఫ్, అంటే చాలా సన్నది, తెప్పించుకున్నాను. థలో చుక్క చుక్కలాగే నిలబడింది. ఒక చిన్న మాట: జపాన్ కంపెనీల పాళీలు అదే గుర్తుతో ఇంకా సన్నగా ఉంటాయి. చాలా చిన్న అక్షరాలు రాసేవాళ్లు వాటినీ చూడొచ్చు.

సన్న పాళీ ఏదైనా కొంచెం గరగరలాడుతుంది. మన లిపి తాటాకు మీద గంటంతో రాసింది, అడ్డగీతలకు ఆకు చీలుతుందని అక్షరాలు గుండ్రం తిరిగాయంటారు. ఆ గుండ్రాల్లో పాళీని కింది నుంచి పైకి తోయాల్సి వస్తుంది. గరగర అక్కడే. నొక్కకుండా రాస్తే తగ్గుతుంది. నాకు వారం పట్టింది.

ఇంకో పరీక్ష కూడా తెలుగుదే. తలకట్టుకు, ఒత్తుకు చెయ్యి లేచి మళ్లీ దిగాలి. దిగిన ప్రతిసారీ సిరా వెంటనే రావాలి. అంతకుముందు వాడిన వేరే కంపెనీ పెన్నొకటి సగం తలకట్టులను మింగేసేది. ఈ పెన్నుతో నాకు ఆ టెన్షన్ లేదు. మూత పెట్టడం మరిచిపోయి భోజనానికి వెళ్లిన రోజు తప్ప ఎప్పుడూ గీత తప్పలేదు.

కొనేవాళ్లకు రెండు మూడు జాగ్రత్తలు. కొత్త పెన్నులో ఒంటికీ ముందు భాగానికీ మధ్య అట్టముక్క ఉంగరం ఉంటుంది, అది తీసి బిగిస్తేనే సిరా నింపి వచ్చే గొట్టానికి, అంటే కార్ట్రిడ్జ్‌కు చిల్లు పడుతుంది. వేరే కంపెనీల మామూలు కార్ట్రిడ్జులు దీనికి పట్టవు. సీసాలోంచి సిరా నింపుకోవాలంటే కన్వర్టర్, అంటే సిరా పీల్చుకునే చిన్న గొట్టం, కావాలి, నేను విడిగా తెప్పించుకున్నాను. నెలకోసారి పాళీని మామూలు చన్నీళ్లలో కడుగుతాను. కాగితం నాసిరకమైతే సిరా అక్షరం అంచుల నుంచి వేళ్లలా పాకుతుంది, అది పెన్ను తప్పనుకోకండి. దాచుకునే రాతలకు నీళ్లు తగిలితే చెరగని సిరా వాడండి, కానీ అలాంటి సిరా పోస్తే పెన్నును ఎండనివ్వకండి, కడగడం కష్టమవుతుంది.

నేను అలాంటి సిరాకు మారింది మొదటి పుస్తకం కోసం. దాంట్లో అప్పటి బాల్ పెన్ను ఇంకు నూనెమరకలా కాగితమంతా పాకి, అక్షరాలు మాసిపోతున్నాయి. ఇంకా చదవగలుగుతున్నప్పుడే మొత్తం మళ్లీ రాసి పెడుతున్నాను, ఇప్పటికి 61 పేజీలైంది. ‘మునిమాపు: అమ్మ దీపం పెట్టాలా, కాసేపు ఆగాలా అని చూసే టైము.’ ‘నీరెండ: కుట్టని ఎండ.’ పదేళ్ల వయసులో రాసిన ఈ అర్థాల్లో ఒక్క అక్షరం కూడా మార్చడం లేదు. మొన్న 58వ పేజీలో ‘తాత చెప్పిన కధ’ అని కనబడింది. ఉన్నది ఉన్నట్టే ఎత్తి రాశాను. మార్జిన్లో, ప్రూఫు దిద్దినట్టు, చిన్నగా ఒక ‘థ’ రాశాను. చుక్క విడిగా పడింది.