ఆటోనగర్‌లో డ్రమ్ములు లేత్ పట్టే షాపు

మా మారుతి ఓమ్ని వ్యాన్ వెనక బ్రేక్ డ్రమ్ములు లేత్ పట్టించడానికి, అంటే అరిగిన లోపలి వైపుని మిషన్ మీద పల్చగా కోసి నున్నగా చేయించడానికి, విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపుకి వెళ్ళాను. సరైన బోర్డు కూడా లేదు. పని మాత్రం చాలా బాగా నచ్చింది.

మా బండి హ్యాండ్ బ్రేక్ లివర్ బాగా పైకి లాగితే గాని పట్టేది కాదు. పెడల్ మొదటిసారి లోతుకి దిగేది, వెంటనే మళ్ళీ నొక్కితే పైనే ఆగేది. అలా ఉంటే షూలకీ (డ్రమ్ము లోపల ఒరుసుకుని బండిని ఆపే ముక్కలు) డ్రమ్ముకీ మధ్య గ్యాప్ పెరిగిందేమో చూడాలి. నొక్కి పట్టుకున్న పెడల్ నెమ్మదిగా కిందకి జారుతుంటే మాత్రం ముందు మాస్టర్ సిలిండర్‌ని (పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ని తోసే భాగం) అనుమానించాలి. అంతకుముందు ఒక గ్యారేజీలో హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగించి పంపేశారు. ఆ పద్ధతి నాకు అస్సలు నచ్చదు. లివర్ తక్కువ లాగినా పడుతుంది గాని లోపలి గ్యాప్ పోదు, పైగా కేబుల్ మరీ బిగుతుగా ఉంటే సెల్ఫ్ అడ్జస్టర్ (షూలు అరిగేకొద్దీ గ్యాప్‌ని దానంతటదే సరిచేసే భాగం) సరిగా పనిచేయదు. ముందు షూలు, ఆ తర్వాతే కేబుల్.

ముందు చక్రాలకి అడ్డు పెట్టి, వెనక వైపు స్టాండ్ల మీద నిలిపి, హ్యాండ్ బ్రేక్ వదిలేసి డ్రమ్ములు ఇంట్లోనే ఊడదీశాను. డ్రమ్ము మీదున్న రెండు మరల కన్నాల్లో 8 ఎంఎం బోల్టులు సమానంగా బిగిస్తూ పోతే అదే బయటికి వస్తుంది. అడ్జస్టర్ తుప్పుతో బిగుసుకుపోయింది. డ్రమ్ముల అంచున గట్టు కట్టింది.

మేస్త్రి గారు డ్రమ్ము చేతికి రాగానే లేత్ ఎక్కించలేదు. గుడ్డతో తుడిచి, దాని మీద పోత పోసి ఉన్న మాక్స్ డయా అంకె, అంటే లోపలి వ్యాసం దాటకూడని కొలత, చూపించారు. వెర్నియర్ (సన్నని కొలతలు తీసే పరికరం) పెట్టి రెండు మూడు చోట్ల కొలిచారు. నాకంటే ముందు వచ్చినాయన డ్రమ్ముని అలాగే కొలిచి, "దీనికి కోత పెడితే కొలత దాటిపోద్దండీ, కొత్తది తీసుకోండి" అని వెనక్కి ఇచ్చేశారు. వచ్చిన పని వదులుకున్నారు కదా, నాకు గురి కుదిరింది అక్కడే. నా రెండు డ్రమ్ములకీ ఒకే కొలత వచ్చేలా కోత పెట్టారు, తేడా ఉంటే బ్రేక్ ఒక పక్కకి లాగుతుందని. లోపల గోరుతో రాసి చూశాను, ఎక్కడా తగల్లేదు.

ఒక్కటి మాత్రం మార్చుకోవాలి. షూల మీది దుమ్ము కంప్రెసర్ గాలితో ఊదేస్తున్నారు. షూల మీద అతికించే పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్ము పీల్చకూడదు. తడిగుడ్డ గాని, బ్రేక్ క్లీనర్ స్ప్రే గాని వాడమని అక్కడే చెప్పాను.

వెళ్ళేవాళ్ళు రెండు డ్రమ్ములతో పాటు షూలు కూడా పట్టుకెళ్ళండి, కోత పెట్టాక ఎలా ఆనుతున్నాయో వాళ్ళే చూస్తారు. ఇంటికొచ్చాక అడ్జస్టర్ శుభ్రం చేసి, డ్రమ్ము లేశమంత రాసుకుంటూ ఎక్కేదాకా సాగదీసి బిగించండి. పెడల్ నాలుగైదుసార్లు నొక్కి, చక్రం చేత్తో తిప్పి చూసి, అప్పుడు హ్యాండ్ బ్రేక్ కేబుల్ సంగతి చూడండి.